రూబిన్‌స్టీన్ ఆటలో 10వ ఎత్తు

చదరంగం బోర్డు మీద 22వ ఎత్తు దగ్గర చెయ్యి ఆగిపోయింది. మంత్రిని బంటుకి వదిలేసి, ఏనుగుతో గుర్రాన్ని కొట్టాడు పాతకాలపు చదరంగం దిగ్గజం రూబిన్‌స్టీన్! 1907లో ఇప్పటి పోలండ్‌లోని వూచ్ నగరంలో రోట్లెవీతో నల్లపావులతో ఆడిన ఆట ఇది.

ఇన్నాళ్లూ ఆ త్యాగాల కోసమే చూసేవాణ్ణి. ఇవాళ బోర్డు ముందేసుకుని మొదటి ఎత్తు నుంచి ఒక్కొక్కటీ ఆడుకుంటూ వచ్చాను. టరాష్ డిఫెన్స్ అనే ఆరంభం. రెండు వైపులా దాదాపు ఒకే అమరిక.

తెల్ల మంత్రి 10వ ఎత్తులో డి2 గడికి వెళ్లింది, 14లో మళ్లీ ఈ2కి జరిగింది. శకటు కూడా డి3కి రెండుసార్లు వచ్చింది. అబ్బా, ఇన్నేళ్లలో ఇది ఎలా చూడలేదు! తెల్లవైపు అలా ఎత్తులు వృథా అయ్యాయి, నల్లపావులు అంత వేగంగా మీద పడటానికి దారి అక్కడే దొరికింది. 25వ ఎత్తుకే ఆట ముగిసింది.

టీ చల్లారిపోయింది. బోర్డు తీయబుద్ధి కాలేదు. 14వ ఎత్తు దగ్గరే ఉంచేశాను.