ఎడ్లబండి ఎట్లా కదిలింది?

మా బ్యాచ్ వాళ్లం ఎక్కడ కలిసినా సైన్స్ సార్ మాట రాకుండా ఉండదు. ఆయన చెప్పిన గమన నియమాల పాఠం గురించి ఈ సంచికలో రాయాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. న్యూటన్ 1687లో అచ్చు వేయించిన ఆ మూడు నియమాలనూ ఒక్క పీరియడ్‌లో చదివించి వదిలేయొచ్చు. సార్ అట్లా వదల్లేదు.

"ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుంది" అని మేము గడగడా అప్పజెప్పగానే ఆయన అడిగారు: "ఎడ్లు బండిని ఎంత బలంతో గుంజుతయో, బండి సుత ఎడ్లను అంతే బలంతో ఎనక్కి గుంజుతది గదరా. మరి బండి ఎట్ల కదులుతది?"

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకుపోయే బండ్లను రోజూ చూసేవాళ్లమే, అయినా ఎవరికీ జవాబు తోచలేదు. సార్ మమ్మల్ని రోడ్డు మీదికి తీసుకెళ్లారు. చెట్టు కింద ఆగిన బండిని దాని యజమాని అప్పుడే కదిలిస్తున్నాడు. "కాడి దిక్కు కాదు, గిట్టల దిక్కు చూడుండ్రి" అన్నారు. గిట్టలు మట్టిలో దిగబడ్డాయి, వాటి వెనక మట్టి చెదిరింది. ఎడ్లు నేలను వెనక్కి నెడుతున్నాయి, నేల ఎడ్లను ముందుకు నెడుతోంది. కాడి దగ్గరి రెండు బలాలూ సమానమే గానీ ఒకటి బండి మీద, ఇంకోటి ఎడ్ల మీద పనిచేస్తాయి. వేర్వేరు వస్తువుల మీద పనిచేసే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. పాఠం మొత్తానికీ ఇదే ఆయువుపట్టు అని నా నమ్మకం. డిగ్రీ చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడటం చూశాను.

క్లాసుకు వచ్చాక లెక్క. రెండెడ్లు కలిపి 800 కిలోలు, సరుకుతో బండి 1,200 కిలోలు అనుకుందాం. నేల ఎడ్లను 1,400 న్యూటన్లతో (న్యూటన్ అంటే బలానికి కొలత) ముందుకు నెడుతుంది, చక్రాల దగ్గరి ఘర్షణ 1,000 న్యూటన్లతో ఆపుతుంది. మిగిలేది 400. దాన్ని 2,000 కిలోలతో భాగిస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.2 మీటర్లు. 1,200 కిలోల బండికి ఆ త్వరణం రావాలంటే 240, ఘర్షణను తట్టుకోవడానికి 1,000, కలిపి కాడి దగ్గర అటూ ఇటూ 1,240 న్యూటన్లు. బండి ఒకసారి ఊపందుకున్నాక నేల నెట్టుడు 1,000కి తగ్గినా చాలు, అదే వేగంతో సాగిపోతుంది. బలాలు సరిసమానమైతే కదిలే వస్తువు అదే వేగంతో సాగుతుందనే మొదటి నియమం అక్కడే ఉంది!

"మరి రైలు?" అన్నారు సార్. కాజీపేట నుంచి వచ్చే మిత్రుడొకడు లేచాడు. వాళ్ల నాన్న రైల్వేలో పని చేసేవారు. వాన పడితే పట్టాలు తడిసి ఇంజన్ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయని, అప్పుడు చక్రాల ముందు పట్టా మీద ఇసుక వదులుతారని చెప్పాడు. ఇసుక ఎందుకని సార్ అడిగితే, "పట్టు దొరకాలె గద సార్, పట్టా ముందుకు నెట్టకపోతే ఇంజన్ పోదు" అన్నాడు. సార్ సుద్దముక్క వాడి చేతికిచ్చి బొమ్మ గీయించారు: చక్రం పట్టాను వెనక్కి నెట్టే బాణం ఒకటి, పట్టా చక్రాన్ని ముందుకు నెట్టే బాణం ఒకటి.