తాబేలు గుడ్ల దొంగలపై కేసు పెట్టించడం: నా అనుభవం

నెల్లూరు జిల్లా తీరంలోని మైపాడుకు ఉత్తరాన, సరుగుడు తోటల ముందు, సముద్రపు తాబేలును వెల్లకిలా పడేసి దాని గుడ్లను బకెట్టులోకి తవ్వుకున్న ఇద్దరిపై ఎట్టకేలకు నిన్న కేసు నమోదైంది. మరొకరికి ఇదే అవసరం పడవచ్చునని జరిగినదంతా రాస్తున్నాను.

వాళ్లను పట్టుకోవడం కష్టం కాలేదు. తెల్లవారుజామున వలలకు వచ్చిన పల్లెకారులే చుట్టుముట్టి నిలబెట్టారు. వలలో పడిన తాబేలును కూర్మావతారమని దండం పెట్టి విడిచిపెట్టే మనుషులు వాళ్లు. ముందు రెక్కలకు బిగించిన నైలాను తాడు కోసి తిరగవేయగానే, అది గట్టిగా బుసకొట్టి, ఇసుక మీద ఈడ్చుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోయింది.

అసలు యాతన పోలీసు స్టేషనులో మొదలైంది. "ఏంది అయ్యోరా, తాబేలుకు కూడా కేసా?" అని ఒకరు, "తెల్లారకముందే ఒడ్డున మీకేం పని?" అని మరొకరు అడిగి, నా ఆధార్ కార్డు తీసుకుని, పట్టుబడిన వాళ్ల పక్కనే అదే బల్ల మీద నన్నూ కూర్చోబెట్టారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే అనే ఈ జాతి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం గనుక ఒడ్డున తిరుగుతుంటానని ఎంత చెప్పినా రాసుకోలేదు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన నన్ను, నా శిష్యులే చూస్తుండగా, దొంగల సరసన మధ్యాహ్నం దాకా ఉంచారు. అటవీ కార్యాలయానికి ఫోను చేస్తే, అది పోలీసుల పని అన్నారు.

నా అవమానం కన్నా నన్ను ఎక్కువగా బాధించింది ఆ బకెట్టు. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు, వేలితో నొక్కితే సొట్టపడే మెత్తని పెంకులు, వాటికంటిన తడి ఇసుక నా కళ్లముందే ఆరిపోతున్నాయి. పెట్టిన కొన్ని గంటల్లోపే కుదుపు లేకుండా తీసుకెళ్లి మళ్లీ అదే లోతున పాతితే 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, ఆపైన గుడ్డును దొర్లిస్తే చచ్చిపోతుంది. ఈ మాట నేను చెబుతుండగానే ఒకాయన లెక్కపెట్టడానికి వాటిని బల్ల మీద కుమ్మరించాడు. పంచనామా అయ్యేదాకా గుడ్లు ఇచ్చేది లేదన్నారు. సాయంత్రం అటవీ సిబ్బంది వచ్చి పాతిపెట్టారు గానీ, ఒక్కటీ పిల్ల కాలేదు.

కాబట్టి ముందు స్టేషనుకు వెళ్లకండి. ఒడ్డు నుంచే అటవీ రేంజి అధికారికి ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా గుడ్లను నీడలో కదపకుండా ఉంచండి. మా పరిధి కాదని ఎవరన్నా నమ్మవద్దు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షను ప్రకారం ఏ అటవీ అధికారి అయినా, ఎస్సై స్థాయికి తగ్గని ఏ పోలీసు అధికారి అయినా స్వాధీనం చేసుకోవచ్చు. ఈ తాబేలు ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉంది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోనిదే గడప దాటవద్దు.

ఇక కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయవలసింది అటవీ అధికారి. ఆయన జాప్యం చేస్తే, 55వ సెక్షను కింద ప్రభుత్వానికి 60 రోజుల నోటీసు ఇచ్చి సామాన్యుడైనా నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. ఆ నోటీసు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను.