నీళ్లలోకి ఎవరికి వారే దిగాలి

"కాబట్టి తండ్రి మహిమవలన క్రీస్తు మృతులలోనుండి యేలాగు లేపబడెనో, ఆలాగే మనమును నూతనజీవము పొందినవారమై నడుచుకొనునట్లు, మనము బాప్తిస్మమువలన మరణములో పాలుపొందుటకై ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి."

రోమా పత్రిక 6వ అధ్యాయం, 4వ వచనం. బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం ఇచ్చే రోజున తరచూ వినపడే మాట ఇది. మీ బాప్టిస్టుల నమ్మకం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ వచనం ఒకసారి చదివి, బాప్తిస్మం జరుగుతున్న చోట కాసేపు నిలబడి చూడమని చెబుతాను. మా విశ్వాసంలో ముఖ్యమైనది చాలావరకు అక్కడే కనపడుతుంది.

తెల్లబట్టలు కట్టుకున్న మనిషి నడుము లోతు నీళ్లలోకి దిగుతాడు. ఏరైనా, చెరువైనా, చర్చిలో కట్టించిన బాప్తిస్మపు తొట్టి అయినా ఒకటే. పాస్టరుగారు అందరికీ వినపడేలా అడుగుతారు: "యేసుక్రీస్తు ప్రభువును నీ సొంత రక్షకుడిగా అంగీకరించావా?" దానికి ఆ మనిషి తన నోటితో తానే జవాబు చెప్పాలి. గొంతు పూడుకుపోయి మాట రాకపోతే పాస్టరుగారు ఆగుతారు. ఒడ్డున తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు, ఆ బిడ్డ కోసం ఏళ్ల తరబడి మోకాళ్ల మీద ప్రార్థించిన అమ్మమ్మ ఉంటుంది. వాళ్లలో ఒక్కరికి కూడా మధ్యలో అందుకుని "ఆఁ, అంగీకరించాడండీ" అనే హక్కు లేదు. జవాబు వచ్చాకే తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి అంటూ, ఒక చెయ్యి వీపుకి ఆనించి, ఇంకో చేత్తో ఛాతీ మీద ముడిచిన చేతులు పట్టుకుని, వెనక్కి వాల్చి పూర్తిగా ముంచుతారు. ముఖం మీద నీళ్లు కమ్ముకుంటాయి. అది పాతిపెట్టడం. వెంటనే పైకి లేపుతారు. అది పునరుత్థానం. పౌలు రాసిన వచనమంతా ఆ రెండు కదలికల్లో కళ్ల ముందు జరిగిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆ నీళ్లు ఎవరినీ రక్షించవు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీ పత్రిక చెబుతుంది. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు బాప్తిస్మం తీసుకునే వీలు ఎక్కడిది? అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట అతనికే దక్కింది. రక్షణ ముందు జరుగుతుంది, లోపల జరుగుతుంది. జరిగినదాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడం బాప్తిస్మం. అందుకే బాప్టిస్టులు బాప్తిస్మాన్ని, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లను రక్షణ ఇచ్చే సాధనాలుగా చూడరు. ప్రభువు చెయ్యమన్నాడు కాబట్టి చేసే రెండు విధులుగా చూస్తారు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. అపొస్తలుల కార్యాల్లో యేసు సంగతి విన్న ఐతియోపీయుడు రథంలో వెళ్తూ వెళ్తూ "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని అడిగాడు. నమ్మినవాడికి ఆ తొందర ఉంటుంది.

పసిబిడ్డలకు మేము బాప్తిస్మం ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే. పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే లూథరన్ సంఘంలో, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పుట్టిపెరిగిన మన బంధువులు, స్నేహితులు దీన్ని అడుగుతారు, అడగాలి కూడా. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు ఇంటివాళ్లందరితో బాప్తిస్మం పొందాడు కదా, ఆ ఇంట్లో పిల్లలు ఉండరా అంటారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. ఆ అధ్యాయంలోనే అతను "తన యింటివారందరితోకూడ దేవునియందు విశ్వాసముంచి" ఆనందించాడని కూడా ఉందని మేము చూపిస్తాం. పెంతెకొస్తు రోజున కూడా వాక్యం అంగీకరించినవారే బాప్తిస్మం పొందారు. అయినా పిల్లలను దేవుడి దగ్గరికి తీసుకురాకుండా మేమూ ఉండం. ఎత్తుకుని తెస్తాం, సంఘమంతా ప్రార్థించి ప్రతిష్ఠ చేస్తుంది. ఒప్పుకోలు మాత్రం ఆ బిడ్డ పెద్దయ్యాక తనే చెప్పాలని ఎదురుచూస్తాం. ఒకరు తింటే ఇంకొకరి కడుపు నిండదు కదా, నమ్మకం కూడా అంతే.

ఈ నమ్మకం కోసం కొందరు చాలా పెద్ద మూల్యం చెల్లించారు. ఇంగ్లాండు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోయిన ఒక చిన్న గుంపులో జాన్ స్మిత్, థామస్ హెల్విస్ అనేవాళ్లు, తమకు పసితనంలో ఇచ్చింది బాప్తిస్మం కాదని నిశ్చయించుకుని 1609లో విశ్వాసులుగా మళ్లీ బాప్తిస్మం పొందారు. గమనించండి, వాళ్లు మొదట తేల్చుకున్నది బాప్తిస్మం ఎవరికి అన్న సంగతి. ముంచి ఇవ్వాలన్న మాట 1644లో లండన్ సంఘాలు రాసుకున్న విశ్వాస ప్రమాణంలో స్పష్టంగా కనపడుతుంది. ఇప్పుడు మనం ఎన్ని నీళ్లు అన్నదాని మీదే ఎక్కువ వాదిస్తాం గానీ, నా దృష్టిలో అసలు విషయం దిగే మనిషి నమ్మాడా లేదా అన్నది.

హెల్విస్ 1612లో ఇంగ్లాండుకు తిరిగొచ్చాడు. రాజు కూడా చచ్చే మనిషే గాని దేవుడు కాడని, ప్రజల ఆత్మల మీద ఆయనకు అధికారం లేదని జేమ్స్ రాజుకే రాశాడు. అంతటితో ఆగలేదు. మతభ్రష్టులనబడేవాళ్లయినా, యూదులైనా, ముస్లింలైనా, మనస్సాక్షి విషయంలో వాళ్లను శిక్షించే పని లోకంలోని రాజుది కాదన్నాడు. లండన్‌లోని న్యూగేట్ జైల్లో వేశారు, 1616 నాటికి చనిపోయాడు. తన నమ్మకానికి స్వేచ్ఛ అడిగినవాళ్లు చాలామంది ఉంటారు. తనకు తప్పనిపించిన నమ్మకానికి కూడా అదే స్వేచ్ఛ కావాలని 400 ఏళ్ల క్రితం అడిగిన మనిషి ఈయన. అదేదో రాజకీయంగా తోచి రాసింది కాదు. ఎవరి జవాబు వాళ్లే దేవుడికి చెప్పాలని నిజంగా నమ్మితే, రాజుగారు కత్తి చూపించి చెప్పించిన జవాబుకు విలువేముంటుంది?

మన తెలుగు నేల మీద ఇదే నమ్మకానికి పరీక్ష వేరే రూపంలో వచ్చింది. ఇక్కడ కత్తి కాదు, ఆకలి.

1876-78 మధ్య వచ్చిన కరువును పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. అతనికి సర్వే పని వచ్చు. కరువు పనుల కింద తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సంఘంలోని తెలుగు బోధకులే ఆ గుంపులకు మేస్త్రీలు. పగలు మట్టి మోయించినవాళ్లే సాయంత్రం కూర్చోబెట్టి యేసు సంగతి చెప్పేవారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేతే బాప్తిస్మం కూడా ఇస్తే, అవును అన్నది మనిషా, అతని ఖాళీ కడుపా అని ఎలా తెలుస్తుంది?

ఆత్మల లెక్క చూసుకునే మిషనరీకి అంతకన్నా కష్టమైన నిర్ణయం ఇంకోటి ఉండదు. ఇన్ని వేలమంది అడుగుతుంటే వద్దనడానికి గుండె కావాలి. 1878లో కరువు పనులు ఆగాయి, పంచడానికి డబ్బు లేదని అందరికీ తెలిసింది. అప్పుడు కూడా జనం వచ్చారు. జూలై నెల మొదట్లో ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, వచ్చినవాళ్లను విచారించి ఒక్కొక్కరినీ నీళ్లలోకి దించారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ ఆరుగురు తెలుగు బోధకులు ఆ బాప్తిస్మాలిచ్చారు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఇది నాకు ఆ పెద్ద అంకెకన్నా విలువైన విషయం. విశ్వాసులందరూ యాజకులే అని బాప్టిస్టులు నమ్ముతారు, "రాజులైన యాజకసమూహము" అని పేతురు రాశాడు. తరతరాలుగా ఊరి చివర ఉంచిన మాదిగల్లో నుంచి వచ్చినవాళ్లే ఆ సంఘంలో ఎక్కువ. వాళ్లను గుడిమెట్లు ఎక్కనివ్వని రోజులవి.

అంత మందిలో అందరి మనసూ ఒకేలా ఉందని నేను అనను. కూటి కోసం చేరారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మనసులను తూచే పని దేవుడిది. కూడు ఉన్నప్పుడు బాప్తిస్మం ఆపి, కూడు లేనప్పుడు ఇచ్చారన్నది మాత్రం చరిత్రలో ఉన్న సంగతి.

మిగతా నమ్మకాలు చాలావరకు దీని వెనకే నడుస్తాయి. ఎవరికి వారు నమ్మి చేరినవాళ్లే సంఘం కాబట్టి, సంఘం తన తీర్మానాలు తనే చేసుకుంటుంది. పాస్టరును పిలుచుకోవాలన్నా, కొత్తవాళ్లను చేర్చుకోవాలన్నా సభ్యులు చేతులెత్తాలి. పైనుంచి ఆజ్ఞలిచ్చే బిషప్పు ఉండడు. అందరికీ పైన బైబిలే అధికారం. ఇది కాగితం మీద బాగుంటుంది, సంఘ ఎన్నికలప్పుడు ఎంత టెన్షన్ పెడుతుందో లోపలివాళ్లకే తెలుసు. అయినా ఆ హక్కు వదులుకోకూడదు.

ఇప్పుడు నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. పసిబిడ్డలకు ఇవ్వం అని అంత పట్టుబట్టిన మనమే, నాలుగైదు తరాలు గడిచేసరికి బాప్తిస్మాన్ని ఒక ఆనవాయితీ చేసేస్తున్నాం. ఫలానా వయసు వచ్చింది, తోటివాళ్లందరూ తీసుకుంటున్నారు, నువ్వూ దిగు అంటున్నాం. ఇంకా ఘోరం, పెళ్లి కుదిరాక సర్టిఫికెట్ కోసం ముంచడం. ముహూర్తం దగ్గరపడింది, పాస్టరుగారిని బతిమాలి వారంలో పని అయిపోవాలి. అక్కడ "అంగీకరించావా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది పెళ్లి. ఆకలి చెప్పే జవాబు వద్దని పదిహేను నెలలు ఆగిన చరిత్ర మనది. శుభలేఖలు చెప్పే జవాబును ఎలా తీసుకోగలం?

ఇంట్లో ఇంకా బాప్తిస్మం అడగని కొడుకో కూతురో ఉంటే, బలవంతం చెయ్యకండి. వాక్యం చెప్పండి, ప్రార్థన చెయ్యండి, వాళ్ల ప్రశ్నలకు విసుక్కోకుండా కూర్చుని మాట్లాడండి. బాప్తిస్మానికి సిద్ధపరిచే పాస్టర్లకు, పెద్దలకు కూడా ఒక మనవి. కంఠస్థం చేసిన జవాబులు చాలనుకోవద్దు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, క్రీస్తు నీకు ఎవరు అని అడగండి. ఎవరైనా "నాకు ఇంకా తెలియడం లేదండీ" అంటే ఆ మాటను గౌరవించి, అతని పేరు ఈసారి పట్టీలోంచి తీసి, మళ్లీ వచ్చే వారం కూడా అతనితో కూర్చోండి.