మూడో నోడ్ చుక్కలు చూపించింది

మొత్తానికి గలేరా క్లస్టర్ (ఒకే డేటాబేస్‌ని కొన్ని సర్వర్లలో ఒకేలా ఉంచే ఏర్పాటు) లేచిందండి బాబూ. మూడు సర్వర్లు, మూడింట్లోనూ మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, పొద్దున కాఫీ తాగి కూర్చుంటే భోజనాల టైముకి అయిపోద్దిలే అనుకున్నా, అర్ధరాత్రి దాటింది. మొదటి నోడ్ (అంటే క్లస్టర్‌లో ఒక సర్వర్) లేచింది, రెండోది బుద్ధిగా కలిసింది, మూడోది మాత్రం కలిసినట్టే కలిసి, సరిగ్గా డేటా మొత్తం కాపీ చేసుకునే టైముకి ఢమాల్. కాన్ఫిగ్ ఫైలు, ఐపీలు, పాస్‌వర్డ్ అన్నీ పదిసార్లు చూశా. చివరికి చూస్తే ఏముంది, ఆ సర్వర్ ఫైర్‌వాల్‌లో 3306, 4567 పోర్టులు తెరిచి 4444 మర్చిపోయా, ఫుల్ కాపీ వచ్చేదేమో ఆ పోర్టులోనే! తప్పు నాదే, తిట్టింది మాత్రం సర్వర్‌ని.

రెండు నోడ్లు చాలవా అని మా రూమ్మేట్ అడిగాడు. మధ్యలో నెట్‌వర్క్ తెగితే చెరో ఓటు, ఎవరికీ మెజారిటీ ఉండదు, రెండూ పని ఆపేస్తాయి, అదే మూడుంటే ఒకటి పోయినా మిగతా రెండూ లాగించేస్తాయి అని చెప్పా. అచ్చం పంచాయితీలా ఉందే అన్నాడు.

క్లస్టర్ సైజ్ 3 అని కనపడ్డాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. రేపు ఒక నోడ్ కావాలనే ఆపి చూడాలి, ఇప్పుడైతే ధైర్యం లేదు.