గర్భసంచి జబ్బు, పేగుల గొడవ

నెలసరి ఆగిపోయి ఏళ్లు దాటాక మళ్లీ ఎర్రమరక కనిపించింది. "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అంది మా వదిన. ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందేనని నర్సుగా పనిచేసిన మా పిన్ని ఎప్పుడూ చెప్పేది. మర్నాడే గుంటూరు వెళ్లాను.

స్కానింగ్‌లో గర్భసంచి లోపొర మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. ఈ వయసులో రక్తం కనిపించి, పొర 4 దాటితే ముక్క తీసి పరీక్షకి పంపుతారట. పంపారు. క్యాన్సరే, మొదటి దశ. గర్భసంచితో పాటు ట్యూబులు, అండాశయాలు కూడా తీసేశారు. రేడియేషన్ అక్కర్లేదన్నారు.

మనవైపు గర్భసంచి తీయించుకోవడం ఎంత మామూలైపోయిందంటే, పరామర్శకి వచ్చినవాళ్లు తమ ఆపరేషన్ల కథలే చెప్పుకున్నారు. నాది క్యాన్సరని చెప్పడానికి సందే దొరకలేదు!

ఇంతలో డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ప్రోబయోటిక్ క్యాప్సూల్స్, అంటే మంచి బ్యాక్టీరియా ఉండే మాత్రలు, పంపింది. పేగుల్లో బ్యాక్టీరియా బాగుంటే ఇది మళ్లీ రాదట. గర్భసంచే లేదు, పేగులతో ఏం పని అనిపించి డాక్టరమ్మనే అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వాడకం అయిపోయిన ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని లివరు పొట్లం కట్టి, పైత్యరసంతో పేగుల్లోకి తోస్తుంది, బయటికి పోతుందని. అక్కడ కొన్ని బ్యాక్టీరియా బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైముతో ఆ పొట్లం విప్పేస్తాయి. ఈస్ట్రోజెన్‌లో కొంత మళ్లీ రక్తంలో కలుస్తుంది. ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ అదుపు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ పోతే లోపొర పెరుగుతూనే ఉంటుంది. ఈ పనికి సంబంధించిన బ్యాక్టీరియా జన్యువులన్నిటికీ కలిపి 2011లో ఎస్ట్రోబోలోమ్ అని పేరు కూడా పెట్టారట.

2016లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు గర్భసంచినే పరీక్షించి, ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లలో అటోపోబియం, పోర్ఫిరోమోనాస్ అనే బ్యాక్టీరియా జాడ ఎక్కువగా ఉందన్నారు. అవి జబ్బు తెచ్చాయా, జబ్బు వచ్చాక చేరాయా? ఆ అధ్యయనం అది తేల్చలేదు.

"మరి క్యాప్సూల్స్?" అన్నాను.

"వాటితో ఇది ఆగుతుందని రుజువు లేదమ్మా. ముందు బరువు తగ్గండి" అంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనేనట. నేను 84 కిలోలు, పైగా షుగరు. నా మటుకు నాకు పేగులకన్నా దీనిమీదే అనుమానం ఎక్కువ. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, ఆకుకూర తింటున్నాను. క్యాప్సూల్స్ మా ఆయన గ్యాస్‌కని వేసుకుంటున్నారు.

చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ ముందు అడిగేది మళ్లీ రక్తం ఏమైనా కనిపించిందా అని. తర్వాత బరువు చూస్తుంది. పేగుల ఊసు నేనెత్తితేనే.