కోన్యాలో తివాచీని తిరగేసి చూశాం

ఏలూరులో పుట్టినదాన్ని కాబట్టి తివాచీ నాకు కొత్త కాదు, చిన్నప్పుడు మగ్గం ముందు నిలబడి ముడులు వేస్తుంటే గంటలు గంటలు చూసేదాన్ని. అందుకే టర్కీ అనగానే అందరూ బెలూన్ల గురించి అడిగితే నా ధ్యాసంతా తివాచీల మీదే.

ఇస్తాంబుల్‌లో దిగిన మర్నాడే అక్కా నేనూ సుల్తానహ్మెత్‌లోని ఇబ్రహీం పాషా ప్యాలెస్‌కి వెళ్ళాం, టర్కిష్, ఇస్లామిక్ కళల మ్యూజియం ఉండేది అందులోనే. 13వ శతాబ్దపు సెల్జుక్ తివాచీలు, అంటే అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన సెల్జుక్ సుల్తానుల కాలం నాటివి, అక్కడున్నాయి. కోన్యా నగరంలోని అలాద్దీన్ మసీదులో పరిచి ఉండగా 1905లో వాటి సంగతి బయటి లోకానికి తెలిసింది. అన్నీ చిరుగులే, అయినా కదలబుద్ధి కాలేదు. లేత ఎరుపు మీద ముదురెరుపు, నీలం మీద నీలం, లోపలంతా ఒకే చిన్న గుర్తు వరుసలు వరుసలుగా, చుట్టూ అంచులో మాత్రం కూఫీ అనే పాత అరబిక్ లిపి అక్షరాల్లా కనిపించే పెద్ద పెద్ద బాణపు మొనలు. పడమటి టర్కీలోని ఉషాక్ ఊరి తివాచీలూ చూశాం. 1533లో జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ వేసిన రాయబారుల చిత్రంలో టర్కీ తివాచీ నేల మీద కాదు, బల్ల మీద ఉంటుంది. యూరప్‌లో అంత అపురూపం మరి.

అసలు పాఠం కోన్యాలో జరిగింది. మెవ్లానా, అంటే సూఫీ కవి రూమీ, సమాధికి దగ్గర్లో చిన్న కొట్టు, టీ ఇచ్చి కూర్చోబెట్టిన పెద్దాయన ఒక పాత పల్లె తివాచీ పరిచారు. సగం దాకా ముదురెరుపు, అక్కణ్ణించి కాస్త నారింజ కలిసిన ఎరుపు.

"ఇదేంటే, ఇటుపక్క రంగు వెలిసిపోయింది?" అంది అక్క.

ఆయనకి తెలుగు రాకపోయినా ఆ వేలు ఎక్కడ చూపిస్తోందో అర్థమైపోయింది. నవ్వి తివాచీ తిరగేశారు. వెనక వైపు కూడా అదే గీత! ఎండకి వెలిస్తే వెనక మారదు కదా. దీన్ని అబ్రాష్ అంటారు, ఒక తడవ అద్దిన ఉన్ని అయిపోయి ఇంకో తడవది మొదలైన చోటు. బొటనవేలితో ఊలు విడదీసి చూపించారు, కొసా మొదలూ ఒకటే రంగు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన తొలి రసాయన రంగుల్లో చాలావాటికి కొసలు పాలిపోతాయి, ఊలు మొదలు దగ్గర మాత్రం రంగు గాఢంగా మిగులుతుంది.

ఆ ఎరుపు కోక్‌బోయా వేరుది, మన మంజిష్ఠకి దగ్గరి చుట్టం. రంగు పట్టడానికి పటిక వేస్తారని ఆయన అనగానే నాకు మచిలీపట్నం కలంకారీ గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది, అక్కడ చిరివేరు ఎరుపుకీ పటికే కదా ఆధారం! నల్లగోధుమ ఊలు మాత్రం గుంటలు పడి ఉంది, ఇనుము కలిపి అద్దే ఆ రంగు ఊలుని ఏళ్ళ తరబడి తినేస్తుంది, అందుకే పక్కనున్న ఎరుపు చెక్కినట్టు పైకి లేచి కనిపిస్తుంది.

ముడి కూడా దగ్గరగా చూశాను. రెండు పడుగు దారాల చుట్టూ తిప్పి, రెండు కొసల్నీ వాటి మధ్యలోంచి ముందుకి లాగుతారు, దీన్ని గోర్దెస్ ముడి అంటారు. సన్నటి నేతకి పేరుపడ్డ హెరెకె ఊరి పట్టు తివాచీలో అయితే చదరపు సెంటీమీటరుకి వంద ముడులు పడతాయట. ఈ పల్లె తివాచీ అంత సన్నం కాదు, కానీ నడుం మీద చేతులు పెట్టుకున్న ఆడమనిషి గుర్తు, ఎలిబెలిండె, వరుసలో ఉన్న ఏడింటిలో ఏ రెండూ ఒకేలా లేవు. నాకు హెరెకె కంటే ఇదే నచ్చింది.

ధర మా తాహతుకి మించింది, కొనలేకపోయాం. ఆయన చుట్టబోతుంటే ఆపి ఆ అబ్రాష్ గీత మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాను. రంగు వరుస చివర మారలేదు, అయిదో ఆడమనిషి నడుం దగ్గర, వరుస మధ్యలో మారింది.