12వ తేదీ దాకా బాగానే నడిచింది

2025 జూన్ 13న తెనాలి డీలరు ఫోన్ చేశారు. "ఏమ్మా, పైపులు దిగాయి, బిల్లేదీ?"

విజయవాడలో మా హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో లెక్కలు చూసేది నేనే. ఆ నెల 2న కొత్త ఏర్పాటు మొదలుపెట్టాం. ఆర్డర్ ఫారం నింపగానే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు తయారై, డీలరు వాట్సాప్‌కి దానంతటదే వెళ్లాలి. 12 దాకా వెళ్లింది కూడా.

ఆ ఏర్పాటు తెరిచి చూస్తే పొద్దుటి నుంచి అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎర్రర్ 400, అంటే పంపిన వివరాల్లో ఏదో సరిగా లేదని. లాగిన్ గడువు తీరిందేమోనని మళ్లీ కనెక్ట్ చేశాను. (దానికైతే మామూలుగా 401 వస్తుందట, తర్వాత తెలిసింది.) టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పచ్చటి టిక్కు! సాయంత్రం దాకా నన్ను తిప్పలు పెట్టింది ఆ టిక్కే. టెస్టుకి అది ప్రతిసారీ వాడుతున్నది మొదటిరోజు తీసుకున్న పాత ఆర్డరు మరి.

చివరికి రన్ హిస్టరీలో (ఏ ఆర్డరు ఎప్పుడు నడిచిందో, ఏది ఆగిందో చూపే జాబితా) 12న ఆఖరుగా వెళ్లినదాన్ని, 13న మొదట ఆగినదాన్ని పక్కపక్కన పెట్టి చదివాను. జీఎస్టీ నంబరు, ధర, ఫోన్ నంబరు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. తేడా తేదీలోనే. మా ఫారం రోజు ముందు రాస్తుంది, అవతలి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతోంది. 13వ నెల ఎక్కడి నుంచి తెస్తుంది?

అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్. ఆగినవి సరే, వెళ్లినవాటి మాటేమిటి? 2వ తేదీ బిల్లు ఫిబ్రవరి 6న ఉంది. 3వ తేదీది మార్చి 6న. ఆ రెండూ పోయిన ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. 12వ తేదీదైతే ఏకంగా డిసెంబరు 6న! సరైన చోట ఉన్నవి జూన్ 6 బిల్లులు మాత్రమే. జూన్ అమ్మకాల జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-1) వేయడానికి జూలై 11 దాకా టైముంది కాబట్టి బతికిపోయాను.

మధ్యలో ఒక స్టెప్ పెట్టి తేదీని 2025-06-13 లాగా, ఏడాది ముందు వచ్చేట్టు మార్చాను. ఆగినవాటిని మళ్లీ నడిపేముందు కౌంటర్ అబ్బాయిని అడిగితే, నాలుగు బిల్లులు చేత్తో కొట్టేశానన్నాడు. అడక్కపోతే అవి రెండేసి అయ్యేవి.

తప్పు తేదీల బిల్లులకు బదులు కొత్తవి పంపుతూ డీలర్లందరికీ ఫోన్ చేశాను. ఒక్కరూ గమనించలేదు. "మొత్తం చూస్తానమ్మా, తేదీ ఎవరు చూస్తారు?" అన్నారు తెనాలి ఆయన.